పాతబస్తీ రైలు: భూమికి వెల, బ్రతుకునకు వెల

హైదరాబాదు నగరమున మెట్రో రైలు 2017 నవంబరు 28వ తేదీన ప్రారంభోత్సవము జరుపుకొన్నది. 2020 ఫిబ్రవరి 7వ తేదీన జూబిలీ బస్సు స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్సు స్టేషను వరకు గల మార్గమును తెరచిరి. మొదటి నిర్ణయము ప్రకారము ఆ మార్గము ఫలక్‌నుమా వరకు పోవలసియుండెను; కాని మూసీ యొడ్డుననే నిలిచిపోయెను. మియాపురమునకు, నాగోలునకు, హైటెక్ సిటీకి అందిన రైలు 1591లో వెలసిన మూలపట్టణమునకు అందలేదు. నగరమునకు పేరు తెచ్చినది చార్మినారు. నగరములోని వసతి మాత్రము చార్మినారు చేరకయే ఆగిపోయినది. ఇది న్యాయము కాదని పాతబస్తీ జనులు అనేక వత్సరములు మొరపెట్టుకొనిరి.

2024 మార్చి 8వ తేదీన ముఖ్యమంత్రి ఫలక్‌నుమాకడ శంకుస్థాపన గావించిరి. తరువాత మార్గమును చాంద్రాయణగుట్ట వరకు పొడిగించి, 7.5 కిలోమీటర్లకు 2,741 కోట్ల రూపాయల యంచనా వేసిరి. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతెబార్ చౌకు, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, షంషేర్‌గంజి, అలియాబాదుల మీదుగా స్తంభములపై ఈ మార్గము సాగవలెను. దీనికొరకు వీథిని వెడల్పు చేయవలసియున్నది. అందువలన సుమారు 1,100 ఆస్తులు దెబ్బతినునని అధికారులు తెలిపిరి. చదరపు గజమునకు 81,000 రూపాయలు నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపకమును ఆరంభించిరి.

ఈ వార్తపై పాతబస్తీలో వెలువడిన మాటలను వినినచో, అచటివారందరు రైలునకు విరోధులను ప్రచార మెంత నిరాధారమో తెలియగలదు. మార్గము మార్పవలెనని పూర్వము ఆ ప్రాంతపు నాయకులు కోరిన మాట వాస్తవమే. ఐనను నేడు అనేకులు సమ్మతించి స్థలము లప్పగించిరి. మరికొందరు మసీదులు, ఆషుర్‌ఖానాలు, దేవాలయములు, పురాతన సౌధములు చెడునేమో యని భయపడుచున్నారు. వాటిని కూల్చకుండ స్తంభములను, వంపులను సవరించెదమని అధికారులు మాట యిచ్చిరి. పాత దిల్లీలో 2017 మే 28న తెరచిన మార్గము ఎఱ్ఱకోట, జుమ్మా మసీదుల చెంత భూగర్భముననే పోవుచున్నది. అచట తగినది ఇచట ఏల తగదని పౌరు లడుగుట ప్రగతి ద్రోహము కాదు. భూగర్భ మార్గము మిక్కిలి వ్యయముతో కూడినదగుట నిజమే. ఆ వ్యత్యాస మెంతయో లెక్కలతో వీథివీథిన చూపినచో, ప్రజలు గ్రహింపలేనంత అజ్ఞానులు కారు.

కాని మా ముఖ్యమైన మాట వేరొకటి గలదు. స్థలము గలవాడు మాటాడుచున్నాడు, ధర్మకర్త మాటాడుచున్నాడు. మాట వినబడనివాడు కిరాయిదారు. పాతబస్తీ వీథులలో మల్గీ యొకనిది, దుకాణ మొకనిది. తండ్రినాడు పగ్డీ యిచ్చి చేరి, నెలనెలా కిరాయి చెల్లించుచు, అత్తరో, గాజులో, జరీయో, ఇనుప సామానో అమ్ముకొను కుటుంబములు గలవు. ఆ మల్గీ ముంగట మిషను వేసికొన్న దర్జీ గలడు. ఆ దర్జీకి బొత్తాములు కుట్టి పెట్టు స్త్రీ వెనుక గల్లీలో గలదు. గోడ కూలినపుడు గోడ యజమానికి చెక్కు వచ్చును. ఆ గోడ నానుకొనిన మూడు బ్రతుకులకు ఏమి వచ్చును?

చట్టము వీరిని మరచినదని యెవరును చెప్పజాలరు. 1894 నాటి భూసేకరణ శాసనమును తొలగించి, 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన 2013 చట్టము, భూమి లేకపోయినను ఆ ప్రాంతమున మూడేండ్లుగా పనిచేయుచు, ముఖ్య జీవనోపాధిని కోల్పోవు కౌలుదారులను, కిరాయిదారులను, చేతిపనివారిని బాధిత కుటుంబముల లోనే లెక్కించినది. చేతిపనివారికి, చిన్న వర్తకులకు ఒక్కసారి యిచ్చు సాయము 25,000 రూపాయలకు తగ్గరాదని అనుబంధములో వ్రాసినది. ఇపుడు పాఠకులే రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూతురు గాక! ఒక్క చదరపు గజము నేలకు 81,000. ముప్పది సంవత్సరముల వ్యాపారమునకు కనీసము 25,000. గజము నేలలో మూడవవంతు విలువయైనను ఒక కుటుంబపు జీవనమునకు దక్కలేదు. అది కనీస మొత్తము మాత్రమే, హెచ్చించుటకు ప్రభుత్వమునకు అధికారము గలదు. అధికారము గలిగియు హెచ్చింపకున్న దోషము చట్టముది కాదు.

వ్యయము పెరుగునని కొందరందురు. పెరుగును. కాని 2,741 కోట్ల పనిలో, వీథి నుండి తొలగు చిన్నవర్తకులకు న్యాయము చేయుటకు సొమ్ము చాలదనుట నమ్మదగినది కాదు. కిరాయిదారుల లెక్క తేలదనియు, దొంగ పేర్లు చేరుననియు మరికొందరందురు. మునిసిపాలిటీ వారి వ్యాపార లైసెన్సులు, కరెంటు బిల్లులు, కిరాయి రసీదులు ఉండగా మూడేండ్ల యునికిని తేల్చుట అసాధ్యమా? ఏ కాగితమును లేని బండివానిని, దర్జీని ఎరుగుటకు ఇరుగుపొరుగుల సాక్ష్యము చాలదా?

ఈ నగరమునకు ఈ విషయమున పూర్వానుభవము లేకపోలేదు. 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద పట్టణమును ముంచివేసిన తరువాత ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము, అనగా ఆరాయిషె బల్దా, ఇరుకు బస్తీలను తొలగించి వెడల్పైన బాటలు వేసినది. కాని అది కూల్చుటతో ఆగలేదు. పత్తర్‌గట్టిలో రాతి కమానులతో దుకాణముల వరుస లేపినది. సామాన్యులకు ఇండ్లు కట్టినది. వాటిని నగరమున నేటికిని సి.ఐ.బి. క్వార్టర్లనియే పిలుతురు. రాజుల పాలనలోనే కూల్చిన చేయి కట్టగలిగినపుడు, ప్రజల ఓట్లతో నిలిచిన ప్రభుత్వము కూల్చి చెక్కు వ్రాసి చేతులు దులుపుకొనుట శోభింపదు.

కావున మేము కోరునది నాలుగు విషయములు. మొదటిది, కిరాయిదారుల, చేతిపనివారల పట్టికను వీథివారీగా తయారుచేసి, తెలుగున, ఉర్దూన ఆ వీథిలోనే అంటింపవలెను. ఆక్షేపణలను అధికారి అచటికే వచ్చి వినవలెను. రెండవది, చిన్నవర్తకుల సాయమును 25,000 వద్ద నిలుపక, వ్యాపారము తిరిగి నిలద్రొక్కుకొను వరకు సరిపోవునట్లు ప్రత్యేక ఉత్తరువుతో హెచ్చింపవలెను. మూడవది, స్టేషనులలోను, వాటి చెంతను కట్టబోవు అంగళ్లను వేలము వేయుటకు ముందు, తొలగింపబడిన వారికి మొదటి హక్కు నీయవలెను. నాలుగవది, వీథిని ఒక్కసారిగ మూయక ముక్కముక్కగ పని జరుపవలెను. రంజాను నెలలో పాతబస్తీ వర్తకుడు సంవత్సరపు తిండి సంపాదించుకొనును. ఆ నెలలో అతని గుమ్మము ముందు రేకుల కంచె వేయుట అతని నోటి ముందు గోడ గట్టుటయే.

పాతబస్తీ సోదరులకును మా మనవి గలదు. రైలు వలదని కూర్చుండుట మేలు గాదు. కళాశాలకు పోవు బాలికకు, అమీరుపేటలో పనిచేయు కూలికి, ఉస్మానియా ఆసుపత్రికి పోవు ముసలివానికి ఈ మార్గము మిక్కిలి యవసరము. రైలును కోరుడు, న్యాయమును గూడ కోరుడు. యజమాని తన చెక్కుతో పాటు తన కిరాయిదారు పేరును పట్టికలో వ్రాయించవలెను. మొహల్లా పెద్దలు ఆ పనిని తమ నెత్తిన వేసికొనవలెను. ఒకరి వెనుక ఒకరు చాటుగా బేరమాడుకొన్నచో, ప్రతివాడును ఒంటరియే. వీథి యంతయు ఒక్క పట్టికగా నిలిచినచో, ఏ కార్యాలయమును దానిని త్రోసివేయజాలదు.

స్తంభము నిలుపుటకు పునాది ఎంత లోతుగ త్రవ్వవలెనో ఇంజనీర్లు లెక్కింతురు. ఆ పునాది క్రింద ఎవరి జీవనము పడుచున్నదో లెక్కించుట పాలకుల ధర్మము. మొదటి లెక్క పూర్తియై, రెండవ లెక్క పూర్తి గాకున్నచో, ఆ రైలు నడచును గాని దానిని న్యాయమార్గమున నడచినదని యెవరును చెప్పజాలరు.