షుగరూ టీబీ: గోరుచుట్టు మీద రోకటిపోటు



మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఆసుపత్రి ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేదని మన పెద్దలకు బాగా తెలుసు. క్షయ వచ్చినవాళ్లను ఊరికి దూరంగా, మంచి గాలి తగిలే చోట నెలల తరబడి ఉంచి వైద్యం చేసిన రోజులవి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం కూడా అలా వెలిసిందే. 1956లో మద్రాసులో మొదలైన ఒక పరిశోధన ఈ పద్ధతినే మార్చివేసింది. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్న పేద రోగులు ఇంటి దగ్గరే మందులు వాడినా, శానిటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా కోలుకుంటారని 1959లో తేలింది. ఆ తరువాత శానిటోరియంల అవసరం తగ్గుతూ వచ్చింది. మన మంగళగిరి శానిటోరియం స్థలంలో 2015లో ఎయిమ్స్‌కు శంకుస్థాపన జరిగింది. 2024 ఫిబ్రవరి 25న దానిని జాతికి అంకితం చేశారు.

శానిటోరియం పోయింది గానీ టీబీ పోలేదు. ప్రపంచంలో ఉన్న టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. పైగా దానికి ఇప్పుడు షుగర్ వ్యాధి తోడయింది. ఈ రెండు జబ్బుల చుట్టరికం గురించి ముందుగా తెలుసుకోవలసింది మన హాస్టల్ విద్యార్థులేనని నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

టీబీ పేదవాళ్ల జబ్బు, షుగర్ డబ్బున్నవాళ్ల జబ్బు అనే మాట మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది. అది ఒట్టి అపోహ. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ వ్యాధి ఉంది. ఇంతమందీ ధనవంతులు కాలేరు గదా! మనకు ఈ హాస్టళ్లు, ఈ చదువులు దక్కడానికి మూలపురుషుడైన బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను చివరి సంవత్సరాల్లో బాగా బాధించిన జబ్బు షుగరే. మగ్గం గుంటలో కూర్చునే నేతకారుడికీ, కూలికి వెళ్లే తల్లికీ, ఆటో నడిపే అన్నకూ ఎవరికైనా అది రావచ్చు. తీపి తింటేనే షుగర్ వస్తుందని భయపడి పానకాల స్వామి ప్రసాదం కూడా వద్దనేవాళ్లు ఉన్నారు. వాళ్లలో రక్తపరీక్ష చేయించుకున్నవాళ్లు ఎందరు?

ఇక ఈ రెంటికీ ఉన్న సంబంధం చూద్దాం. టీబీ క్రిమి ఒంట్లో ప్రవేశించిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఆ క్రిమి సోకి ఉంటుందని అంచనా. వాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి 5 నుంచి 10 మంది మాత్రమే. మిగిలినవాళ్లలో అది నివురుగప్పిన నిప్పులా అణిగి ఉంటుంది. దాన్ని అణచి ఉంచేది మన రోగనిరోధక శక్తి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండి, ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే ఆ క్రిములను పట్టి చంపవలసిన తెల్లరక్తకణాలు మందగిస్తాయి. అప్పుడు నివురు తొలగి నిప్పు రాజుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ప్రమాదం మిగిలినవాళ్ల కంటే రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువ.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. వెయ్యేళ్ల కిందటి వైద్యుడు అవిసెన్నా కాలం నుంచీ వైద్యులు దీన్ని గమనిస్తూనే ఉన్నారు. 1921లో ఇన్సులిన్ కనుగొనక ముందు షుగర్ రోగులను ఎక్కువగా బలి తీసుకున్న జబ్బుల్లో టీబీ ఒకటి. ఆ తర్వాత ధనిక దేశాల్లో టీబీ తగ్గిపోవడంతో అందరూ ఈ సంగతి మరిచిపోయారు. మన దగ్గర మాత్రం రెండూ కలిసే ఉన్నాయి. 2012లో ప్రచురితమైన అధ్యయనాల్లో తమిళనాడులో పరీక్షించిన టీబీ రోగుల్లో నూటికి 25 మందికి, కేరళలో నూటికి 44 మందికి షుగర్ ఉన్నట్లు తేలింది. వాళ్లలో కొందరికి తమకు షుగర్ ఉందన్న సంగతే అప్పటిదాకా తెలియదు.

అసలు చిక్కు ఏమిటంటే, ఈ రెండు జబ్బులూ ఒకదాని వెనుక ఒకటి దాక్కుంటాయి. మనిషి చిక్కిపోతుంటే "షుగర్ కదా, అంతే" అంటారు. నీరసంగా ఉంటే అదే మాట. దగ్గు వస్తే చుట్ట మీదకో, మిరప ఘాటు మీదకో, చలిగాలి మీదకో నెట్టేస్తారు. ఇలా నెలలు గడిచిపోతాయి. ఈలోగా ఆ దగ్గు ఇంట్లో చంటిబిడ్డ దాకా చేరుతుంది. ఇంకో పక్క, టీబీ మందులు వాడుతున్న మనిషికి షుగర్ ఉన్న సంగతి తెలియకపోతే మందులు సరిగా పనిచేయవు. కఫంలో క్రిములు పోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ, ప్రాణాపాయమూ పెరుగుతాయి. అందుకే దీన్ని గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నాను.

మందుల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్ కొన్ని రకాల షుగర్ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. కాబట్టి షుగర్ మాత్రల మోతాదు మార్చవలసి రావచ్చు, కొందరికి ఇన్సులిన్ అవసరం కావచ్చు. ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు అవి మామూలుగానే ఉంటాయి గనుక డాక్టర్లు బి6 విటమిన్ ఇస్తారు. ఇవన్నీ తెలియక "ఈ మందులు నాకు పడటం లేదు" అని సగంలో మానేసేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు. టీబీ మందులు ఆరు నెలలు పూర్తిగా వాడాలి. మధ్యలో మానేస్తే మందులకు లొంగని టీబీ తయారవుతుంది.

టీబీ రోగులందరికీ షుగర్ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2017లోనే విధానం తయారు చేసింది. కానీ కాగితం మీది విధానం ఇంటి గడపదాకా రావాలంటే అడిగేవాళ్లు ఉండాలి. మన ఇళ్లలో షుగర్ చీటీ ఒక ప్లాస్టిక్ సంచిలో, టీబీ చీటీ ఇంకో సంచిలో ఉంటాయి. షుగర్ మాత్రలు ఒక చోట, టీబీ మందులు ఇంకో చోట తెచ్చుకుంటారు. ఒక డాక్టరుకు రెండో జబ్బు సంగతి చెప్పేవాళ్లు ఉండరు. అమ్మానాన్నలకు ఆ చీటీలు చదవడం రాదు. ఇంట్లో ఆ చీటీలు చదవగలిగింది ఎవరు? హాస్టల్లో చదువుకుంటున్న మనమే. ఈ బాధ్యత మనదని నేను అనడానికి కారణం ఇదే.

ఇక మన హాస్టళ్ల సంగతి. ఒక గదిలో ఎంతోమంది పడుకునే చోట దగ్గును చిన్నచూపు చూడకూడదు. కొన్ని చోట్ల దగ్గుతున్న విద్యార్థిని ఇంటికి పంపేస్తే సరిపోతుందనుకుంటారు. "మిగతా పిల్లల క్షేమం చూడవద్దా?" అని అడిగేవాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం. అయితే మద్రాసు పరిశోధన మరో విషయం కూడా చెప్పింది. ఇంట్లోనే వైద్యం పొందిన రోగుల కుటుంబసభ్యులకు, శానిటోరియంకు వెళ్లిన రోగుల కుటుంబసభ్యుల కంటే ఎక్కువగా టీబీ సోకలేదు. టీబీ ఎక్కువగా అంటుకునేది జబ్బు ఉందని తెలియక, మందులు మొదలుపెట్టక ముందే. మందులు సక్రమంగా మొదలైతే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. పరీక్ష చేయించకుండా ఇంటికి పంపడం వల్ల గదిలో అంటవలసింది ఊళ్లో అంటుతుంది, చదువు మాత్రం ఆగిపోతుంది. ముందు పరీక్ష, వెంటనే వైద్యం, డాక్టరు చెప్పినన్ని రోజులు విశ్రాంతి, ఆ తరువాత మళ్లీ హాస్టల్లో అతని మంచం అతనికి ఇవ్వడం - ఇదే సరైన పద్ధతి. ఇలా జరుగుతుందన్న నమ్మకం ఉంటేనే ఏ విద్యార్థీ దగ్గును దుప్పటి కింద దాచుకోడు.

భోజనం సంగతి కూడా చెప్పుకోవాలి. మన దేశంలో టీబీని పెంచే కారణాల్లో పెద్దది పౌష్టికాహార లోపం. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లకు బియ్యం, పప్పులు వంటివి అదనంగా ఇచ్చి చూస్తే, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ వచ్చేవాళ్లు దాదాపు 40 శాతం తగ్గారని 2023లో తేలింది. ఒక పక్క ఆకలి, ఇంకో పక్క షుగర్ - రెండు వైపుల నుంచీ టీబీ మన ఇళ్లలోకి వస్తున్నది. కాబట్టి మెస్‌లో గుడ్డు, పప్పు, ఆకుకూర తగ్గకుండా అడగడం తిండియావ కాదు, ఆరోగ్య హక్కు. చికిత్సలో ఉన్న టీబీ రోగులకు ఆహారం కోసం 2018 నుంచి ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇచ్చింది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతున్నదో లేదో చూడటం కూడా చదువుకున్న పిల్లల పనే.

ఈ వార్షికోత్సవ సందర్భంగా నా కోరికలు ఇవి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు షుగర్ ఉన్న తాతయ్యనో, నాయనమ్మనో, మేనమామనో నాలుగు ప్రశ్నలు అడగండి: రెండు వారాలకు మించి దగ్గు ఉందా? సాయంత్రం జ్వరం వస్తోందా? రాత్రిళ్లు చెమట పడుతోందా? బరువు తగ్గారా? ఒక్కదానికి అవునన్నా కఫం పరీక్షకు తీసుకువెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. టీబీ ఉన్నవాళ్లు ఉంటే షుగర్ పరీక్ష అడిగి చేయించండి. టీబీ వల్ల కూడా కొంతమందికి చక్కెర తాత్కాలికంగా పెరుగుతుంది గనుక చికిత్స పూర్తయ్యాక మళ్లీ పరీక్షించాలి. రెండు చీటీలూ ఒకే సంచిలో పెట్టి, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా రెండూ చూపించండి. మన హాస్టళ్లలో విద్యార్థులతో పాటు వంటమనిషికి, కామాటికి, వాచ్‌మన్‌కు కూడా ఏడాదికి ఒకసారి షుగర్ పరీక్ష, దగ్గు ఉంటే కఫం పరీక్ష జరిగేలా వార్డెన్ గారు, ఏఎన్ఎం గారు చూడాలి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఏటా ఒక వైద్య శిబిరానికి చేయి కలపాలి. సందేహాలు ఉన్నవారు 1800-11-6666 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మనం అక్షరం నేర్చుకున్నది మార్కుల కోసమే కాదు. ఇంట్లోవాళ్ల మందు చీటీ చదివి, అడగవలసిన ప్రశ్న సమయానికి అడగగలిగితే ఆ అక్షరం ఒక ప్రాణాన్ని నిలబెడుతుంది.