ఇంగ్లీషు మాస్టారి గొంతు ఎందుకు వణుకుతోంది?

బందరుకి ఇంగ్లీషు చదువు కొత్త కాదు. 1843లో రాబర్ట్ నోబుల్ దొర ఇక్కడ ఇంగ్లీషు బడి పెట్టాడు. అది పెద్దకులాల పిల్లల కోసం పెట్టిన బడి. అందుకే వాళ్ళిళ్ళల్లో ఇంగ్లీషు ఐదారు తరాల ఆస్తి. మన మాల మాదిగ పల్లెల్లో చాలా ఇళ్ళకి ఇదే మొదటి తరం.

ఇవ్వాళ దివిసీమలో, గుడివాడ చుట్టుపక్కల కాసిని డబ్బులున్నోళ్ళు పిల్లల్ని కాన్వెంటు బస్సెక్కించారు. సర్కారు బడి మన పిల్లలకీ బీసీల పిల్లలకీ మిగిలింది. అక్కడ ఇంగ్లీషు చెప్పే మాస్టర్లలో, టీచరమ్మల్లో మనోళ్ళూ ఉన్నారు. వాళ్ళని కదిపి చూడండి. తలుపు దగ్గరకేసుంటే పాఠం సాఫీగా సాగుద్దంటారు. గుమ్మంలో తనిఖీ అధికారి నిలబడితే నాలుక పిడచకట్టుకుపోద్దంటారు. పాఠం రాకనా? కాదు. ఒక స్పెల్లింగు తప్పితే పెద్దకులం మాస్టారికది పొరపాటు. మన మాస్టారికైతే 'రిజర్వేషన్ పంతులు' అన్న బిరుదు!

ఆల్బర్ట్ బాండురా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో, మన దివిసీమని ఉప్పెన మింగిన ఏడాదే, ఈ సంగతి రాశాడు. 'ఈ పని నేను చేయగలను' అనే నమ్మకం ఎక్కణ్ణించి వస్తుంది? స్వయంగా చేసి నెగ్గితే వస్తుంది. తనలాంటివాడు నెగ్గడం కళ్ళారా చూస్తే వస్తుంది. పక్కవాళ్ళు 'నువ్వు చేయగలవు' అంటే వస్తుంది. గుండెదడ, చెమట దాన్ని తగ్గిస్తాయి. వీటిలో మొదటిదే అన్నిటికన్నా గట్టిదన్నాడు.

మరి మన మాస్టారు నెగ్గిందెక్కడ? అవనిగడ్డలో. డీఎస్సీ కోచింగంటే రాష్ట్రమంతా అవనిగడ్డ పేరే చెప్తారు. కూలి డబ్బులు కూడబెట్టి, అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి అద్దెగదుల్లో చదివినోళ్ళున్నారు. ఆ కోచింగుని మేం తప్పుపట్టడం లేదు, మనోళ్ళకి అన్నం పెట్టింది. కానీ అక్కడ గెలిచేది బిట్టు పేపరుని. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడం వేరు, ముప్పై మంది పిల్లల ముందు నోరు తెరిచి ఇంగ్లీషు మాట్లాడటం వేరు. అది మాత్రం ఎవరూ నేర్పలేదు. ట్రైనింగుకెళ్తే చెప్పేవాడు తనలాంటి తెలుగు మీడియం మనిషి కాదు. చూసి ధైర్యం తెచ్చుకునేదెవర్ని?

ఇక పై నుంచి వచ్చే మాట సరేసరి. 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియమే అని జీవోలిచ్చారు. 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలొచ్చాయి. 2023లో టోఫెల్ అన్నారు, ప్రభుత్వం మారాక ఎత్తేశారు. మన పిల్లలకి ఇంగ్లీషు కావాలి, అందులో మాకు రెండో మాట లేదు. అయితే అది చెప్పాల్సిన మనిషిని ఒక్కసారైనా అడిగారా, నీకేం కావాలయ్యా అని?

మాస్టర్లకీ ఒక మాట. అవమానం నిజమే, అలాగని చదువు ఆపకూడదు. భాష బాగా వచ్చిన టీచర్లలో ధైర్యం కూడా ఎక్కువని పలు దేశాల అధ్యయనాలు కలిపి చూసిన పరిశీలన ఒకటి 2019లో అచ్చయింది. ఆ సంబంధం మధ్యరకమే అని కూడా అందులోనే తేలింది. అంటే ఇంగ్లీషు పెంచుకోవాల్సిందే, అదొక్కటే చాలదు. దొరబాబు ఉచ్చారణ రాలేదని కుమిలిపోవద్దు. తెలుగు మీడియం పిల్లాడు ఎక్కడ తడబడతాడో కాన్వెంటులో చదివినవాడి కంటే మీకే బాగా తెలుసు.

గుడివాడ దగ్గర అంగలూరులో డైట్ ఉంది. అక్కడ మన మాస్టర్లు ఒకరి పాఠం ఒకరు చూసుకునే ఏర్పాటు కావాలి. మార్కులు వేయడానికి కాదు, నేర్చుకోడానికి. మనోళ్ళలో బాగా చెప్పేవాళ్ళని పిలిచి చెప్పించాలి. స్టాఫ్ రూములో కులం పేరుతో వెక్కిరింత వినబడితే ఆ మాస్టారొక్కడే పడకూడదు, సంఘం కదలాలి.

కార్యకర్తలారా! వచ్చే బడి కమిటీ సమావేశానికి పేట నుంచి పదిమంది వెళ్ళండి. అన్నం గురించి, గుడ్డు గురించి, మరుగుదొడ్డి గురించి అడగండి. అడిగాక, ఇంగ్లీషు టీచరుకి ఈ ఏడాది మాట్లాడటంలో ఏం శిక్షణ ఇచ్చారో, ఎన్ని రోజులిచ్చారో అడగండి. ఆయన్ని నిలబెట్టి కాదు, మన పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.