కళింగపట్నం నుంచి కలెక్టర్ గారికి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

క్యాన్సర్ వచ్చిన నా మూత్రసంచి తీసేసి, సుమారు అర మీటరు చిన్నపేగుతో కొత్తది కుట్టారు. అది నిండినట్టు మునుపటిలా తెలియదు. గడియారం చూసుకుని రెండు మూడు గంటలకోసారి మూత్రానికి వెళ్లాలి, రాత్రి అలారం పెట్టుకోవాలి. పగలు మూత్రంపై పట్టు కొన్ని నెలల్లో వస్తుంది, రాత్రిదానికి ఏడాది దాటొచ్చు. ఇంటికి పంపేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఇక తడిసిన లుంగీతోనే బతుకనుకుని, వంశధార సముద్రంలో కలిసే చోట సాయంత్రాలు కూర్చునే స్నేహితులకు మొహం చాటేశాను. ఒక నర్సమ్మ కటి కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పాకే ధైర్యం వచ్చింది.

అయ్యా, ప్రభుత్వాసుపత్రిలో వారానికో పూట ఆ వ్యాయామం నేర్పించండి. మందులతోపాటు ప్యాడ్లు, కాథెటర్లు ఇప్పించండి. బస్టాండ్ల మరుగుదొడ్లలో నీళ్లు, తలుపుకి గొళ్లెం, చేతిసంచి తగిలించడానికో మేకు ఉండేలా చూడండి. అవి ఉంటాయన్న నమ్మకముంటే మాలాంటివాళ్లం నిర్భయంగా బస్సెక్కుతాం.

— ఒక రోగి, కళింగపట్నం