ఆరోగ్య దీపిక: కాలేయంలో గడ్డ – పేరు తేలేవరకు

తెలీబంధా చెరువు గట్టున ఉదయపు నడకలో మన తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు ఒక్కొక్కసారి ఈ మాట వినవస్తుంది: "కడుపునొప్పికి అల్ట్రాసౌండ్ తీయిస్తే కాలేయంలో గడ్డ ఉందన్నారండీ!" ఇక ఆ ఇంట నిద్ర ఉండదు. కొందరు వెంటనే ఆపరేషన్‌కు తొందరపడతారు. కొందరు భయంతో రిపోర్టును బీరువాలో దాచివేస్తారు. రెండూ పొరపాటే.

గడ్డ ఉన్నదని చెప్పడం వేరు, అది ఏ గడ్డయో తేల్చడం వేరు. మొదటి పనికి అల్ట్రాసౌండ్ చాలును. రెండవదానికి తరచు మూడు దశల సి.టి. గాని, ఎం.ఆర్.ఐ. గాని అవసరమవుతుంది. కాలేయానికి చేరే రక్తంలో సుమారు 75 శాతం పేగుల నుండి వచ్చే పోర్టల్ సిర ద్వారాను, మిగిలినది ధమని ద్వారాను అందుతుంది. అనేక కణితులు మాత్రం ప్రధానంగా ధమని రక్తంతోనే పెరుగుతాయి. కావున చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, ధమని దశలో, సిర దశలో, మరికొన్ని నిమిషాల తరువాత చిత్రాలు తీస్తారు. మందు గడ్డలోకి ఎప్పుడు చేరింది, ఎప్పుడు వీడింది అన్నదానిని బట్టి దాని స్వభావం తెలుస్తుంది.

తరచు కనబడే హీమాంజియోమా అంచుల నుండి మధ్యకు మెల్లగా నిండుతుంది. సాధారణంగా అది హాని చేయదు. అరుదైన వాటితోనే చిక్కు. 1956లో మొదట వర్ణించబడిన ఫైబ్రోలామెల్లర్ క్యాన్సర్ ఎక్కువగా యువతీయువకులలో, ఆరోగ్యంగా ఉన్న కాలేయంలోనే పుడుతుంది. దాని నడుమ మచ్చ ఉంటుంది. ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అనే నిరపాయకరమైన గడ్డలోనూ అటువంటి మచ్చయే ఉంటుంది. ఎం.ఆర్.ఐ. టి2 చిత్రాలలో మొదటిదాని మచ్చ సాధారణంగా నల్లగాను, రెండవదానిది తెల్లగాను కనబడుతుంది. మొదటిదానికి శస్త్రచికిత్సే ముఖ్యమైన వైద్యం. రెండవదానికి చాలావరకు కత్తి అవసరమే ఉండదు. చిత్రాలతో తేలనప్పుడు ముక్క పరీక్ష చేయవలసి రావచ్చు.

పాత ఫిల్ములు, సి.డి.లు పారవేయకండి, గడ్డ పెరిగినదీ లేనిదీ వాటితో పోల్చితేనే తెలుస్తుంది. మూత్రపిండాల జబ్బు, మందులు పడకపోవడం, మధుమేహానికి వాడే మాత్రలు, పూర్వం వచ్చిన కామెర్లు – వీటిని స్కానింగ్‌కు ముందే చెప్పండి. మన తెలీబంధా మీదుగా పోయే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డులోనే, పడమటి వైపు టాటీబంధ్‌లో, 2012లో ఎయిమ్స్ వెలసింది. సందేహం ఉన్నచోట పెద్ద ఆసుపత్రి రేడియాలజిస్టు అభిప్రాయం తీసుకొనడం మంచిది.

గడ్డ అన్న మాటకే బెదరిపోకండి. పేరు తేలని గడ్డను ఉపేక్షించకండి.