గుండెకు చేరే కబురు



మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో ఎవరికైనా రొమ్ములో పట్టేస్తే "గ్యాసు పట్టింది, సోడా తాగు" అంటాము. చెమటలు పోసి, నొప్పి చేతికీ దవడకూ పాకిన తరువాత గాని బండి కోసం వెదకము. ఇంకొక అలవాటు కూడ ఉన్నది. బి.పి. మాత్రలు నెల రోజులు వేసుకొని, తల తిరుగుడు తగ్గగానే మానివేస్తాము. "ఇప్పుడు బాగానే ఉన్నాను గదా, మాత్ర ఎందుకు?" అని మమ్మును చాలామంది అడిగారు. దానికి జవాబు మన శరీర కణములలోనే ఉన్నది. ఈ నెల దానిని వివరింపగోరుచున్నాము.

కణములు ఒకదానికొకటి కబురు పంపుకొంటేనే గుండె సక్రమముగా నడుస్తుంది. వాటిలో రెండు కబుర్లను తెలుసుకొందాము. ఒకటి "తొందరపడు", రెండవది "సడలు".

భయపడినప్పుడు, కోపగించినప్పుడు, బరువు ఎత్తినప్పుడు అడ్రినలిన్ అనే రసము రక్తములో కలుస్తుంది. అది గుండె కణము లోపలికి పోదు. వాకిట నిలిచి తలుపు తట్టినట్లు, కణము పైపొర మీద ఉన్న గ్రాహకమును తాకుతుంది. అప్పుడు కణము లోపల ఎ.టి.పి. అనే పదార్థము నుండి సైక్లిక్ ఎ.ఎం.పి. అనే దూత తయారవుతుంది. ఆ దూత మాట మీద గుండె వేగముగా, బలముగా కొట్టుకొంటుంది. ఈ ఎ.టి.పి.ని 1929లో లోకమునకు తెలిపినవారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఈ పని చేశారు. తరువాత సైక్లిక్ ఎ.ఎం.పి.ని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఈ కబురు రాత్రింబగళ్లు ఆగకుండ వస్తే, అలసిన ఎద్దును ములుకోలతో పొడిచినట్లే. గుండె కండ క్రమముగా బలహీనపడుతుంది. అందుకని ఆ గ్రాహకమును అడ్డగించే మందును 1960లలో జేమ్స్ బ్లాక్ తయారుచేశారు. ఆయనకు 1988లో నోబెల్ లభించింది. ఇప్పుడు చాలామంది వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ ఆ జాతి మాత్రలే. వీటిని ఉన్నట్టుండి మానితే ఆ కబురు మునుపటికన్న గట్టిగా తగులుతుంది. కాబట్టి డాక్టరును అడగకుండ ఆపరాదు.

ఇక రెండవ కబురు. రక్తనాళము లోపలి పూత ఒకే ఒక కణము మందము ఉంటుంది. ఆ పూత ఉంటేనే ఒక మందుకు నాళము సడలుతున్నదనీ, గీకివేస్తే సడలడము లేదనీ 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపించారు. ఆ పూత పంపే కబురు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు అని తరువాత తేలింది. అది కొన్ని సెకనులే ఉంటుంది. అంతలోనే పక్కనున్న కండను సడలించి, రక్తమునకు దారి ఇస్తుంది. ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది ఇందుకే. గుండెనొప్పివారు నాలుక క్రింద పెట్టుకొనే సార్బిట్రేట్ మాత్ర కూడ శరీరములో ఈ వాయువునే విడుదల చేస్తుంది.

బీడీ, చుట్ట, అదుపులో లేని బి.పి., షుగరు ఆ పలుచని పూతను దెబ్బతీస్తాయి. కబురు సన్నగిల్లుతుంది. నాళము బిగుసుకొంటుంది, గోడలో కొవ్వు చేరుతుంది, చివరకు రక్తము గడ్డకట్టి దారి మూసుకొంటుంది. ఇదంతా ఏండ్ల తరబడి, నొప్పి లేకుండనే జరుగుతుంది. నొప్పి వచ్చేనాటికి జబ్బు చాలా దూరము నడిచి ఉంటుంది. బాగున్న రోజులలో మాత్ర వేసుకోవలసినది ఇందుకే.

"ప్రార్థన చేయించుకొన్నాము, ఇంకా మాత్ర మింగితే అవిశ్వాసము కాదా?" అని కొందరు అడుగుతారు. పౌలుతో కూడ తిరిగిన లూకా వైద్యుడే గదా! ప్రార్థన మానవద్దు, మాత్రయు మానవద్దు.

పాలమూరు నుండి బొంబాయికో, పూనాకో పనికి పోయేవారు మూటలో బట్టలతో పాటు మాత్రలు, డాక్టరు చీటీ కూడ పెట్టుకోవలెను. ఇంటిలో ఉన్న తల్లిదండ్రుల మాత్రలు అయిపోకముందే కోడండ్రు, కొడుకులు చూచుకోవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో బి.పి. మాత్రలు ఉచితముగా ఇస్తారు. రొమ్ము నొప్పితో చెమట, ఆయాసము కలిగితే సోడా కోసం పోక, మనిషిని కూర్చుండబెట్టి వెంటనే 108కి ఫోను చేయండి. సార్బిట్రేట్ డాక్టరు వ్రాసి ఇచ్చినవారికే. పొరుగువారి మాత్ర పెట్టవద్దు.

ముప్పై ఏండ్లు దాటినవారు, ఒంట్లో ఏ బాధ లేకపోయినా, ఈ నెలలోనే ఒకసారి బి.పి., షుగరు చూపించుకొనవలెనని మా మనవి.