సీటు వచ్చిన మరునాటి నుండి

ప్రతి సంవత్సరం వైద్య కళాశాలల కౌన్సెలింగు ముగిసిన పిదప మన పట్టణాలలో ఒక సభ జరుగుతుంది. షాదీఖానాలో వేదిక, వేదికపై పెద్దలు, సీటు సంపాదించిన పిల్లలకు శాలువా, జ్ఞాపిక, పూలదండ. ఆ పిల్లలలో ఇటీవల అమ్మాయిలే ఎక్కువగా కనిపిస్తున్నారు. దేశమంతటా కూడా నీట్ రాసేవారిలో అబ్బాయిల కంటే అమ్మాయిల సంఖ్యే అధికంగా ఉంటున్నది. సంతోషించవలసిన విషయమే. ఇటువంటి సభలకు కుర్చీలు వేయించిన వారిలో, ఆహ్వాన పత్రాలు రాసిన వారిలో మేమూ ఉన్నాము. అయితే సభ ముగిసి షామియానా విప్పిన మరునాటి నుండి ఆ అమ్మాయి ఏమైనదో మనలో ఎవరమూ అడగలేదు. నాలుగున్నరేళ్ల చదువు, ఒక సంవత్సరం హౌస్ సర్జన్సీ, మొత్తం ఐదున్నరేళ్లు. ఆ కాలమంతా ఆమెకు దారి చూపినదెవరు? ఏ బాధ్యతనైనా చేపట్టి నలుగురినీ నడిపించే అవకాశం ఆమెకు వచ్చినదా? వచ్చినప్పుడు మనం ఏమి చేశాము?

ఈ చివరి ప్రశ్నకు మా సమాధానం గౌరవప్రదమైనది కాదు. దానిని దాచుకోవడం కంటే చెప్పడమే మేలని ఈ వ్యాసం రాస్తున్నాము.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవారము. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ చట్టం చేసిన తరువాత, ధ్రువపత్రాల కోసం మా కిటికీ ముందు నిలబడిన తండ్రుల ముఖాలు నేటికీ గుర్తున్నవి. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినప్పుడు వారు పడిన ఆందోళన, అదే సంవత్సరం సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పొందిన ఊరట కూడా గుర్తున్నవి. అందువల్ల కాబోలు, సీటు రావడమే గమ్యమని మా మనస్సులో నాటుకుపోయింది. దరఖాస్తు, ధ్రువపత్రం, సీటు అలాట్‌మెంటు, ఫీజు రీయింబర్స్‌మెంటు: మాకు తెలిసిన ప్రపంచం అంతవరకే. ఆ తరువాతి ప్రపంచం మాకు తెలియదు. తెలియని సంగతిలోనే ఒకసారి సలహా ఇచ్చి కూర్చున్నాము.

మా వీధిలో ఒక దర్జీ ఉన్నాడు. అతని పెద్ద కూతురు పొరుగు జిల్లాలోని ఒక వైద్య కళాశాలలో చేరింది. రెండవ సంవత్సరంలో ఉండగా తరగతి ప్రతినిధిగా ఆమె పేరును తోటి విద్యార్థినులు ప్రతిపాదించారు. ఇషా నమాజు తరువాత ఆ తండ్రి మా ఇంటికి వచ్చి, "భాయ్‌సాబ్, అమ్మాయిని ఒప్పుకొమ్మనాలా, వద్దనాలా?" అని అడిగాడు. మేము ఏమాత్రం ఆలోచించకుండా, "ఆ పదవులు మనకెందుకు భాయ్? హాజరు పట్టీలు పట్టుకుని స్టాఫ్ గదుల చుట్టూ తిరగడం, అబ్బాయిల తగాదాలు తీర్చడం. బుద్ధిగా చదువుకొమ్మని చెప్పండి" అన్నాము. అతడు అదే చెప్పాడు. ఆమె అదే చేసింది.

రెండేళ్ల తరువాత ఈద్‌కు ఇంటికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి మాకు సలాం చెప్పడానికి వచ్చింది. చదువు ఎలా సాగుతున్నదమ్మా అని అడిగాము. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు రెండు నెలల పరిశోధన అవకాశం ఒకటి ఇస్తుంది. దానికి దరఖాస్తు చేయాలంటే కళాశాల అధ్యాపకులలో ఒకరు గైడుగా ఉండడానికి అంగీకరించి సంతకం చేయాలి. ఈమె తన అంశం రాసుకుని రెండు రోజులు స్టాఫ్ గదుల ముందు నిలబడింది. అడిగినవారంతా అప్పటికే తమకు తెలిసిన విద్యార్థులకు మాట ఇచ్చి ఉన్నారు. గడువు దాటిపోయింది. "మార్కుల్లో ముందున్నది నేనే చాచా. కాని సార్లకు నా రోల్ నంబరే తెలుసు, పేరు తెలియదు. సీఆర్ పేరైతే అందరికీ తెలుసు" అన్నది. ఆమె స్వరంలో నిందలేదు. అది ఉండి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

వైద్య విద్య స్వభావాన్ని ఆ తరువాత కొందరు వైద్యులను అడిగి తెలుసుకున్నాము. అది సగం పుస్తకంలో ఉంటుంది, మిగిలిన సగం ఉస్తాద్ చేతిలో ఉంటుంది. దర్జీ పనిలో కత్తెర పట్టడం ఎలాగో చూపించేవాడు ఉండాలి కదా, ఇదీ అంతే. మొదటిసారి నరానికి సూది పెట్టడం, మొదటి కుట్టు వేయడం, మొదటి కాన్పు చేయడం, మరణవార్తను బయట నిలబడిన బంధువులకు చెప్పడం, ఇవన్నీ పక్కన ఒక పెద్ద నిలబడి చేయించినప్పుడే వస్తాయి. ఆపరేషన్ బల్ల చుట్టూ ఇరవై మంది ఉన్నప్పుడు "నువ్వు ముందుకు రా" అని ఎవరిని పిలుస్తారు? పేరు తెలిసినవారిని. వైద్యుల ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఈ ఉస్తాద్ భోజనాల వేళ ఇంట్లోనే దొరుకుతాడు. ఏ పాఠ్యపుస్తకం చదవాలి, పీజీకి ఎప్పటి నుండి సిద్ధపడాలి, ఏ శాఖలో ఎటువంటి జీవితం ఉంటుంది అనేవి వారికి వింటూ వింటూ తెలిసిపోతాయి. తన వంశంలో మొదటిసారి స్టెతస్కోపు ముట్టుకున్న అమ్మాయికి ఇంట్లో దువా చేసేవారున్నారు, దారి చెప్పేవారు లేరు.

దీనికి తోడు మరొక సంగతి. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలు కొత్తగా ప్రారంభమయ్యాయి. జగిత్యాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నిర్మల్, ఆసిఫాబాద్ వంటి చోట్ల కళాశాల రావడం వల్ల, దూరం పంపలేక చదువు మాన్పించే తల్లిదండ్రులకు ఒక సాకు తగ్గింది. మంచిదే. కాని కొత్త కళాశాలలో మొదటి బ్యాచుకు సీనియర్లు ఉండరు. పాత కళాశాలలో హాస్టలు గదిలో పై తరగతి అక్క చెప్పే మాటలు అక్కడ లేవు. అందుచేత పాత కళాశాలల కంటే ఇటువంటి చోటనే బయటి పెద్దల అవసరం అధికం.

మన హైదరాబాదు చరిత్రలోనే దీనికి గొప్ప నిదర్శనం ఉన్నది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలమైన హైదరాబాద్ మెడికల్ స్కూలులో 1885లో అమ్మాయిలను చేర్చుకున్నారు. వారిలో ఒకరు పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఫర్దూంజీ. పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఆమెను తరగతిలో కూర్చోబెట్టి ఊరుకోలేదు. క్లోరోఫారం మత్తు ఇచ్చే పనిని ఆమె చేతికే అప్పగించాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణతో ఆ రోజులలో క్లోరోఫారం కమిషన్లు జరిపిన పరిశోధనలు ప్రపంచమంతటా చర్చకు వచ్చాయి. రూపాబాయి 1889లో హకీమ్ పట్టా పొందింది, తరువాత ఎడింబరో వెళ్లి చదివింది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా ఆమెను నేడు చెప్పుకుంటున్నారు. లారీ సీటు మాత్రమే ఇచ్చి ఉంటే మనకు ఆ పేరు తెలిసేదా అన్నది మా అనుమానం.

ఢిల్లీలో 1916లో ప్రారంభమైన లేడీ హార్డింజ్ వైద్య కళాశాల సంగతి వేరు. అది స్త్రీల కోసమే పెట్టిన కళాశాల. దాని మొదటి ప్రిన్సిపాలు కూడా కేట్ ప్లాట్ అనే వైద్యురాలే. అక్కడి అమ్మాయిలు ప్రిన్సిపాలు కుర్చీలో స్త్రీని చూస్తూ చదువుకున్నారు. అక్కడే 1935లో పట్టా పొందిన జోహ్రా బేగం కాజీ, విభజన తరువాత ఢాకా వైద్య కళాశాలలో స్త్రీ వ్యాధుల శాఖకు అధిపతి అయినది. కుర్చీలో తనవంటి మనిషిని చూసిన కళ్లకు ఆ కుర్చీ పరాయిదిగా తోచదు.

నేటి పరిస్థితి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఆరోగ్య, సామాజిక సేవా రంగాలలో పనిచేసేవారిలో దాదాపు 70 శాతం స్త్రీలు. ఉన్నత నాయకత్వ స్థానాలలో మాత్రం 25 శాతమే. పని చేసేది వారు, నిర్ణయించేది ఇతరులు. నాయకత్వమంటే వేదికమీద కుర్చీ అని మనకు అలవాటైన అర్థం. ఆసుపత్రిలో దాని అర్థం వేరు. రాత్రి డ్యూటీ పట్టిక ఎవరు వేస్తారు, మహిళా వైద్యులకు విశ్రాంతి గది ఎక్కడ ఉండాలి, ఆ గదికి లోపలి గడియ ఉన్నదా లేదా అన్నది ఎవరు చూస్తారు, అదే నాయకత్వం. 2024 ఆగస్టు 9న కోల్‌కతాలో సుదీర్ఘ డ్యూటీ మధ్య సెమినారు హాలులో విశ్రమించిన వైద్య విద్యార్థినికి ఏమి జరిగినదో దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని నియమించవలసి వచ్చింది. గది గురించి అడగగల స్థానంలో ఆడవారు ముందే ఉండాలి.

పై తరగతివారే శత్రువులైతే ఏమవుతుందో కూడా మనం మరువరాదు. 2019 మే నెలలో ముంబయిలో తడవీ భిల్లు వర్గానికి చెందిన ఒక ముస్లిం పీజీ వైద్యురాలు ప్రాణం తీసుకున్నది. ముగ్గురు సీనియర్ వైద్యురాళ్లు కులం పేరుతో వేధించారన్న అభియోగంపై కేసు నడిచింది. సీనియరు ఉన్నంత మాత్రాన సరిపోదు, భయం లేకుండా మాట్లాడదగిన మనిషి కావాలి. ఆ మనిషి కళాశాల బయట ఉంటే మరీ మంచిది, మార్కులతో, హాజరుతో సంబంధం ఉండదు. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీలో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలని యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నవి. ఆ ఎన్నికలో మన అమ్మాయి నిలబడుతుందా? నిలబడతానంటే మనం ఒప్పుకుంటామా? మేమిచ్చిన సలహాను బట్టి చూస్తే, ఒప్పుకోము.

2023 జూన్‌లో తిరువనంతపురంలో ఏడుగురు విద్యార్థినులు ఆపరేషన్ థియేటరులో తల కప్పుకునే హుడ్, పొడవు చేతుల జాకెట్ అనుమతించమని ప్రిన్సిపాలుకు లేఖ రాశారు. లేఖ బయటికి పొక్కి టీవీలలో రచ్చ అయినది. మోచేతుల వరకు కడుక్కుని రోగికి ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడవలసిన నియమం ఎవరికైనా ఒకటే, అందులో రాజీ కుదరదని మా అభిప్రాయం. కాని ఆ పిల్లలు అడిగినది తప్పు కాదు. ఇదే ప్రశ్నను తన రోజులలో ఎదుర్కొని, రోగికీ తనకూ సరిపోయే మార్గం కనుక్కున్న శస్త్రచికిత్సా వైద్యురాలు ఒకరు వారికి పరిచయమై ఉంటే, ఫోనులో పది నిమిషాలలో తేలేది.

ఇక పెళ్లి మాట. సంబంధాలు చూసే ఇళ్లలో మేము చాలాసార్లు కూర్చున్నాము కనుక చెబుతున్నాము. డాక్టరు కోడలు అందరికీ కావాలి, డ్యూటీకి వెళ్లే డాక్టరు కొందరికే కావాలి. "పీజీ చేయాలంటే గైనిక్ చేయనివ్వండి, లేదా పిల్లల వైద్యం. సర్జరీ ఎందుకు, రాత్రిళ్లు ఉంటాయి" అంటారు. కాన్పులు రాత్రిళ్లు రావని ఈ పెద్దలకు ఎవరు చెప్పారో తెలియదు. అమ్మాయి తన ఇష్టంతో ఏ శాఖ తీసుకున్నా సరే. కాని ఆ ఇష్టం ఏర్పడడానికి ముందు ఆర్థోపెడిక్స్ చేసిన ఒక స్త్రీతో, రేడియాలజీ చేసిన ఒక స్త్రీతో, ఆసుపత్రి సూపరింటెండెంటుగా పనిచేసిన ఒక స్త్రీతో ఆమె గంటసేపైనా మాట్లాడి ఉండాలి.

మా సంగతి మేము సరిచేసుకోవడానికి ఒక చిన్న పని మొదలుపెట్టాము. గుమాస్తాకు తెలిసిన విద్య రిజిస్టరు రాయడమే. జిల్లాలో పనిచేస్తున్న, పదవీ విరమణ చేసిన వైద్యురాళ్ల పేర్లు, వారి శాఖలు ఒక పుస్తకంలో రాస్తున్నాము. మతం గడి పెట్టలేదు. మొదట ఒప్పుకున్నది ఒక హిందూ వైద్యురాలు. "ఇద్దరమ్మాయిలను చూసుకుంటాను, ఆదివారం సాయంత్రం ఫోను చేయమనండి, ఫలహారాలు, సన్మానాలు మాత్రం పెట్టకండి" అన్నారు. ఆ షరతు మాకు నచ్చింది. ఒక్కొక్కరికి ఇద్దరు. నెలకొకసారి మాట. పరీక్షలకు ముందు, శాఖ ఎంచుకునే ముందు, కళాశాలలో ఏదైనా ఇబ్బంది కలిగినప్పుడు ఎప్పుడైనా మాట. తండ్రులకు మేము చెప్పేది ఒకటే, ఈ సంభాషణలో మీరు కూర్చోవద్దు.

మా సంఘం నడిపే వైద్య శిబిరాల పద్ధతిని కూడా మార్చాము. ఇదివరకు హౌస్ సర్జన్లుగా ఉన్న అమ్మాయిలను రక్తపోటు చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టి, నిర్ణయాలన్నీ మా వయసువారమే చేసేవారము. గడచిన శిబిరాన్ని దర్జీ కూతురికి అప్పగించాము. అనుమతి పత్రం ఆమే రాసింది, జిల్లా వైద్యాధికారి కార్యాలయానికి ఆమే వెళ్లింది, మందుల లెక్క ఆమే చూసింది. రెండుచోట్ల పొరపాటు చేసింది. షుగరు పరీక్ష స్ట్రిప్పులు మధ్యాహ్నానికే అయిపోయాయి. మా పెద్దలలో ఒకరు గొణిగారు. మేము ముప్పై ఏళ్లలో పారవేసిన ఫైళ్లెన్నో వారికి గుర్తు చేయవలసి వచ్చింది. స్ట్రిప్పులు తక్కువైన సంగతి ఆమె తానే రాతపూర్వకంగా నివేదించి, వచ్చే శిబిరానికి ఎన్ని కావాలో లెక్క కూడా వేసి ఇచ్చింది.

ఈ సంవత్సరం సన్మాన సభకు శాలువాల ఖర్చు తగ్గించి, రిజిస్టరులోని వైద్యురాళ్లను పిలిచి పిల్లలతో ముఖాముఖి కూర్చోబెట్టాలని నిర్ణయించాము. ఇప్పటికి తొమ్మిది పేర్లు చేరాయి. నలుగురు స్త్రీ వ్యాధుల వారు, ఇద్దరు పిల్లల వైద్యులు, ఒకరు మత్తు వైద్యులు, ఒకరు కంటి వైద్యులు, ఒకరు పాథాలజీ. సర్జరీ గడిలో ఇంకా ఎవరి పేరూ లేదు. పాఠకులలో ఎవరి అక్కకో, చెల్లెలికో, కోడలికో ఆ గడిలో రాయదగిన పేరుంటే తెలియజేయగలరు.