కౌన్సిల్ అజెండా వారం ముందే జనం చేతికి రావాలి

పురపౌరులకు, పాలకవర్గ సభ్యులకు విజ్ఞప్తి

మన వీధిలో డ్రైను ఎటు పారాలి, కుళాయి కనెక్షన్‌కు ఎంత కట్టాలి, చెత్త ఎత్తే కాంట్రాక్టు ఎవరికి, మున్సిపల్ షాపుల లీజు ఎన్నేళ్లు పొడిగించాలి, పార్కుకని వదిలిన స్థలంలో ఏం కట్టాలి? వీటిలో ఏదీ అసెంబ్లీలో తేలదు. మున్సిపల్ ఆఫీసులోని కౌన్సిల్ హాల్లో తేలుతుంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 అంశాలను పేర్కొని, వీటిని పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించవచ్చని చెప్పింది. తాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, వీధిదీపాలు, శ్మశానాలు అన్నీ అందులో ఉన్నాయి. అంటే మనిషి పుట్టిన సర్టిఫికెట్ నుంచి కాటి దాకా ఆ హాలుతోనే పని. అయినా ఈ నెల కౌన్సిల్‌లో ఏ అంశాలు పెడుతున్నారో మన వార్డులో ఎవరినడిగినా తెలియదు. తీర్మానం అయిపోయాక, పని మొదలయ్యాక, లేదా డిమాండ్ నోటీసు చేతికొచ్చాక తెలుస్తుంది. ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. కౌన్సిల్ సమావేశానికి ఏడు రోజుల ముందు అజెండా మొత్తం, దాని వెనకున్న నోట్‌తో సహా, మామూలు తెలుగులో, ప్రతి వార్డు సచివాలయం దగ్గరా జనం చదువుకునేలా పెట్టాలి. అందులో లేని అంశాన్ని ఆ సమావేశంలో ఆమోదించకూడదు.

ఇప్పటి అజెండా ఎలా ఉంటుందో చూడండి. ఒక్కో నెల పదుల సంఖ్యలో అంశాలుంటాయి. ఫలానా డివిజన్‌లో సీసీ డ్రైను నిర్మాణానికి ఇంత అంచనా వ్యయంతో, సాధారణ నిధుల నుంచి, కమిషనర్ వారి నోట్ మేరకు ఆమోదం నిమిత్తం అని రెండు మూడు వరుసలుంటాయి. ఆ డ్రైను ఏ ఇంటి దగ్గర మొదలై ఎక్కడ ఆగుతుందో అందులో ఉండదు. దాని నీళ్లు ఏ పెద్ద కాలువలో కలుస్తాయో, ఆ కాలువ మట్టం దీనికంటే కిందికుందో మీదికుందో ఉండదు. అదే వీధిలో మంచినీటి పైపులైను మార్చే పని మరో పద్దు కింద మంజూరై ఉందేమో కూడా తెలియదు. కొత్తగా వేసిన రోడ్డును ఏడాది తిరక్కుండా తవ్వడం మన ఊళ్లలో ఇంత మామూలు కావడానికి ఇదే కారణం. ఇంజినీరింగ్ విభాగానికి పైపు సంగతి తెలుసు, మరో విభాగానికి రోడ్డు సంగతి తెలుసు. ఆ వీధిలో ఉన్నవాళ్లకు రెండూ తెలుసు. వర్షం పడితే నీళ్లు ఏ మూల నిలుస్తాయో కొలత పుస్తకం చూడకుండా చెప్పగలిగేది వాళ్లే. కాగితం మాత్రం వాళ్లదాకా రాదు.

అంతకంటే పెద్ద జబ్బు టేబుల్ అజెండా. ముందుగా ఇచ్చిన అజెండాలో లేని అంశాలను సమావేశం రోజున బల్ల మీద పెట్టి ఆమోదం పొందడం. అత్యవసరం కోసం పుట్టిన వెసులుబాటు ఇది. కానీ లీజు పొడిగింపులు, పనుల అంచనాల పెంపు, ఏజెన్సీల గడువు పెంపు లాంటివి కూడా ఈ దారినే వస్తున్నాయి. వాటిలో అత్యవసరం ఏముంటుంది? లీజు ఏ తేదీకి ముగుస్తుందో ఒప్పందం రాసిన రోజే తెలుసు. దీనికి తోడు ర్యాటిఫికేషన్ ఒకటి. పని ముందే అయిపోతుంది, బిల్లు సిద్ధమవుతుంది, ఆ తర్వాత కౌన్సిల్ ఆమోదం అడుగుతారు. ఆ దశలో సభ్యులు కాదంటే పని చేసిన కాంట్రాక్టరుకు డబ్బు ఆగుతుంది, కోర్టు వ్యాజ్యం వస్తుంది. అందుకని ఔననడం తప్ప వాళ్లకు వేరే దారి ఉండదు. ఇలా పదుల అంశాలు నిమిషాల్లో ‘ఏకగ్రీవంగా ఆమోదం’ పొందుతున్నాయి. ప్రతిపక్ష సభ్యులు పోడియం దగ్గరికి వచ్చి నినాదాలు చేస్తారు, ఆ గందరగోళంలోనే మిగతావి పాసైనట్టు ప్రకటిస్తారు. ఇందులో ఒక పార్టీని తప్పుపట్టి లాభం లేదు. నిన్న నినాదాలు చేసినవాళ్లు ఇవాళ పాలిస్తున్నారు, పద్ధతి మారలేదు.

మనం అడుగుతున్నది కొత్త హక్కేమీ కాదు. సమాచార హక్కు చట్టం 2005లో నాలుగో సెక్షన్ ఉంది. ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే ప్రభుత్వ సంస్థలు తమంతట తాము ప్రకటించాల్సిన వివరాలు అందులో ఉన్నాయి. కౌన్సిళ్లు, కమిటీల సమావేశాలకు ప్రజలు రావచ్చో లేదో, వాటి మినిట్స్ ప్రజలకు దొరుకుతాయో లేదో చెప్పాలని ఉంది. ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత విషయాలన్నీ వెల్లడించాలని ఉంది. ఈ సమాచారం ఇచ్చేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని కూడా అదే సెక్షన్ అంటోంది. కావాలంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అని అధికారులు అంటుంటారు. దరఖాస్తుకు జవాబివ్వడానికి చట్టమిచ్చిన గడువు 30 రోజులు. సమావేశం వచ్చే వారం. జవాబు వచ్చేసరికి తీర్మానం నంబరు పడి ఉంటుంది. నిర్ణయం తర్వాత అందే సమాచారంతో లెక్క అడగగలం. నిర్ణయాన్ని మార్చాలంటే అది ముందే అందాలి.

జనాన్ని అడక్కుండా పురపాలన నడిపితే ఏమవుతుందో తెలుగు నేల మీద వందేళ్ల కిందే తేలింది. చీరాల, పేరాల గ్రామాలను ప్రజల ఇష్టంతో పనిలేకుండా మున్సిపాలిటీ చేసి, పన్నుల భారం ఎన్నో రెట్లు పెంచారు. జనం మొరపెట్టుకున్నా సర్కారు వినలేదు. చివరికి 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఇళ్లు వదిలి, ఊరి పొలిమేర బయట రామ్‌నగర్ కట్టుకుని నెలల తరబడి పాకల్లో కాపురాలు చేశారు. అప్పుడున్నది పరాయి ప్రభుత్వం. మరి 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తిపన్నును అద్దె విలువ నుంచి స్థలం, భవనం మూలధన విలువ మీదికి మార్చినప్పుడు ఏమైంది? 2014లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2019లోనే తీరిపోయింది. చాలా ఊళ్లలో కౌన్సిలే లేదు. జీవో వచ్చాకే జనానికి తెలిసింది. ఏటా పెంపు 15 శాతానికి మించదని చెప్పారు. అయితే ఏటా 15 శాతం చొప్పున పెరిగే పన్ను ఐదేళ్లలో రెట్టింపు దాటుతుందని ఎవరైనా లెక్కగట్టగలరు. మూలధన విలువ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, దానికి రెండువైపులా వాదనలున్నాయి. కానీ ఆ చర్చ పన్ను కట్టేవాళ్ల మధ్య, నిర్ణయానికి ముందు జరగాల్సింది. విజయవాడలో, విశాఖలో పన్ను చెల్లింపుదారులు రోడ్డెక్కింది అది జరగనందుకే.

ఇప్పుడు అభ్యంతరాలు. వారం గడువు పెడితే పనులు ఆలస్యమవుతాయన్నది మొదటిది. ఒక డ్రైను పని కౌన్సిల్ దాకా రావాలంటే ఏఈ స్థలం చూసి అంచనా వేయాలి, డీఈ పరిశీలించాలి, సాంకేతిక మంజూరు కావాలి, అకౌంట్స్ వాళ్లు నిధులున్నాయో లేదో చూడాలి, కమిషనర్ నోట్ రాయాలి. వారాలు, నెలలు గడిచాకే అది అంశంగా మారుతుంది. అప్పటికి కాగితాలన్నీ సిద్ధంగానే ఉంటాయి. వాటిని ఏడు రోజులు నోటీసు బోర్డు మీద ఉంచితే ఆగిపోయే పని ఏదీ లేదు. నిజంగా ఆగకూడనివి ఉంటాయి, కాదనడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పంపులు తెప్పించడానికి ఎవరూ కౌన్సిల్ కోసం ఎదురుచూడరు. విపత్తు వేళ ముందు పని చేయించి తర్వాత కౌన్సిల్ ముందు పెట్టే వీలుండాలి. ఆ మినహాయింపు అలాగే ఉండనివ్వండి. అయితే అది ఏ విపత్తో, ఎందుకు ఆగలేకపోయామో తీర్మానంలో రాతపూర్వకంగా చెప్పాలి.

జనానికి అంచనాలు, పద్దులు అర్థం కావు అన్నది రెండో అభ్యంతరం. ఇది విన్నప్పుడు బాధ కలుగుతుంది. చీటీ పాటలో తరుగు ఎంతో, డ్వాక్రా అప్పు మీద వడ్డీ రాయితీ ఎంతో వేళ్ల మీద లెక్కగట్టే ఆడవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. అర్థం కానిది లెక్క కాదు, ఆఫీసు భాష. అందుకే మామూలు తెలుగు అడుగుతున్నాం. ఏ వీధి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఎంత ఖర్చు, డబ్బు ఎక్కడిది, పని ఎవరు చేస్తారు, ఎప్పటికి పూర్తవుతుంది, పాడైతే ఎన్నాళ్లలోపు కాంట్రాక్టరే బాగుచేయాలి. ప్రతి అంశానికీ ఇన్ని వరుసలు చాలు. రాసేది ఆఫీసులోనివాళ్లే, అదనపు ఖర్చు కాగితానిది. 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల్లో పింఛన్ల, ఇళ్ల స్థలాల లబ్ధిదారుల జాబితాలు ఇప్పటికే గోడకు అంటిస్తున్నారు. ఆ గోడ మీదే అజెండాకూ చోటుంటుంది. హైదరాబాద్‌లో 2023లో తెరిచిన వార్డు కార్యాలయాల దగ్గరా ఇదే చేయవచ్చు.

మూడోది కౌన్సిలర్లు, కార్పొరేటర్లు అనేమాట. మమ్మల్ని ఎన్నుకున్నారు కదా, మళ్లీ జనాన్ని అడగడమెందుకు, అది మా అధికారాన్ని తగ్గించడం కాదా అని. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు, ఎన్నికైన సభ్యుడి మాటకు విలువ ఉండాల్సిందే. కానీ ఇప్పటి పద్ధతిలో ఎక్కువ నష్టపోతున్నది ఆ సభ్యుడే. వందల పేజీల అజెండా చేతికొచ్చిన రెండు మూడు రోజుల్లో అంతా చదివి, తన వార్డు అంశాలు వెతికి, ప్రశ్న తయారుచేసుకోవడం ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. మొదటిసారి గెలిచి వచ్చిన మహిళా కార్పొరేటర్‌కు, రిజర్వుడు వార్డు నుంచి వచ్చిన సభ్యుడికి అది మరీ కష్టం. వార్డు జనం ముందే చదివి ఫలానా నంబరు అంశంలో ఈ లోపం ఉందని చెబితే ఆ సభ్యుడు హాల్లో లేచి మాట్లాడగలడు. ఓటు వేసే హక్కు ఆయనదే, నిర్ణయం కౌన్సిల్‌దే. దాన్ని ఎవరూ తీసుకోవడం లేదు. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణలో చెప్పింది. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది సభ్యులు అంది. ఆ కమిటీలు కాగితం మీద మిగిలిపోకుండా ఉండాలంటే వాటికి చర్చించడానికి ఏదో ఒకటి కావాలి. అజెండా చేతిలో లేని కమిటీ కూర్చుని ఏం మాట్లాడుతుంది?

ముందే తెలిస్తే కాంట్రాక్టర్లు, స్థలాల వ్యాపారులు ఒత్తిడి తెస్తారని కూడా అంటారు. వాళ్లకు ఇప్పుడే తెలుసు. అజెండా తయారయ్యే గది దాకా వాళ్లకు దారి ఉంది. తెలియనిది మామూలు జనానికే.

ఇంకో చోట ఇది నడుస్తోందా అంటే నడుస్తోంది. ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్లు అజెండాను, దాని నివేదికలను ఐదు పూర్తి రోజుల ముందు ప్రజలకు అందుబాటులో ఉంచాలి. కాలిఫోర్నియాలో 1953 నుంచి ఉన్న బ్రౌన్ చట్టం మామూలు సమావేశానికి 72 గంటల ముందు అజెండా బయట పెట్టాలంటుంది, అందులో లేని అంశం మీద కొద్ది మినహాయింపులు తప్ప నిర్ణయం తీసుకోనివ్వదు. మన దేశంలోనే పుణె నగరం 2006 నుంచి పౌరులు తమ వార్డు పనులను బడ్జెట్‌కు ముందే సూచించే పద్ధతి నడుపుతోంది. ఆ ఊళ్లేవీ దీనివల్ల స్తంభించిపోలేదు.

పాలకవర్గం లేని రోజుల సంగతేమిటి? తెలుగు పట్టణాలకు ఇది ఊహాజనిత ప్రశ్న కాదు. విశాఖ మహానగరం 2012 నుంచి 2021 మార్చి ఎన్నికల దాకా తొమ్మిదేళ్లు ఎన్నికైన కౌన్సిల్ లేకుండా గడిపింది. తెలంగాణలో చాలా మున్సిపాలిటీలు 2025 జనవరిలో పాలకవర్గాల గడువు ముగిశాక ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తికావాలన్నది రాజ్యాంగ నియమం, అది పాటించేలా చేయడం వేరే పోరాటం. ప్రత్యేకాధికారి ఉన్నప్పుడు కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాలు ఆయన సంతకంతో అవుతాయి. చర్చ లేదు, ప్రతిపక్షం లేదు, పత్రికల వాళ్లకు కూర్చునే హాలు లేదు. అలాంటప్పుడు ఏడు రోజుల నోటీసు మరింత అవసరం. అందువల్ల మేం కోరే నిబంధన కౌన్సిల్‌కూ, దాని స్థానంలో సంతకం చేసే ప్రతి అధికారికీ వర్తించాలి.

ఇందుకు కొత్త చట్టం కోసం అమరావతికో హైదరాబాద్‌కో వెళ్లక్కర్లేదు. రేపటి సమావేశంలో కౌన్సిల్ ఒక తీర్మానం చేసుకుంటే చాలు. ఏడు రోజుల ముందు అజెండా, వార్డు జనం రాసిచ్చే అభ్యంతరాలను అంశంతో పాటు సభ్యులకు అందించడం, విపత్తు తప్ప టేబుల్ అజెండా రద్దు, సమావేశం అయిన వారంలోగా మినిట్స్ అదే గోడ మీద, ఏ అంశానికి ఎవరు ఔనన్నారో ఎవరు కాదన్నారో పేర్లతో సహా. మేయర్ గారు, చైర్‌పర్సన్ గారు దీన్ని తమంతట తాము పెడితే మంచిది. లేదంటే ఏ పార్టీ సభ్యుడైనా నోటీసు ఇచ్చి ప్రతిపాదించవచ్చు.

పాఠకులారా, ఈ కరపత్రం చదివాక మీ కౌన్సిలర్ ఇంటికో కార్పొరేటర్ ఆఫీసుకో వెళ్లండి. వీధికి నలుగురైనా కలిసి వెళ్లండి. వచ్చే సమావేశం అజెండా చూపించమని అడగండి. ఈ తీర్మానాన్ని బలపరుస్తారా లేదా అని రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఆ జవాబును మీ వార్డు సచివాలయం ఎదుట అందరికీ చదివి వినిపించండి.